తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన కోడలు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా అమలాపురంలో ఒక గృహిణి చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారమండి. ఆ మైకు కొంచెం వెనక్కి జరపండి బాబూ, నా గొంతుకి నేనే ఉలిక్కిపడుతున్నాను.

నన్ను పిలిచిన మాస్టారు "పొదుపు మీద నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నారు. నేను వద్దండీ అన్నాను. పొదుపు గురించి డబ్బు కూడబెట్టినవాళ్లు చెప్పాలి. మేం కూడబెట్టింది లేదు. మాకున్నదల్లా ఒక ఇల్లు, అదీ మేం కట్టింది కాదు. 1938లో మా మావగారి నాన్నగారు కట్టించిన మండువా పెంకుటిల్లు. ఎనభై ఏళ్లు దాటిన ఇల్లు ఇంకా నిలబడి ఉంది, ఒక్క జీతంతో అందులోనే ఇద్దరు పిల్లల్ని పెంచి పంపించాం. కావాలంటే ఆ ఇంటి సంగతి చెబుతానన్నాను. సరే, అదే చెప్పమన్నారు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని మనం ఏమంటామో మీకు తెలుసు. నేను ఆ పని ఏటా చేస్తాను. నిజంగానే లెక్కపెడతాను. మా ఇంటికి 94 వాసాలున్నాయి. రోహిణి కార్తె ఎండల్లో, కర్ర బాగా ఎండి ఉన్నప్పుడు, ఒక పొడుగాటి వెదురు గడ తీసుకుని ఒక్కొక్క వాసాన్నీ రెండు చోట్ల తడతాను. గట్టిగా ఉన్న కర్ర టక్కుమంటుంది. లోపల చెద తిన్న కర్ర తడిసిన డప్పులా డొల్లగా పలుకుతుంది. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. కాపురానికొచ్చిన కొత్తల్లో మా మావగారు చేస్తుంటే చూసి, ఈయనకేం పనిలేదా అనుకునేదాన్ని. ఆయన పోయాక ఆ గడ నా చేతికొచ్చింది.

నాకు పెళ్లయింది 1988లో. మా ఆయన అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర గుమాస్తా. అప్పుడు జీతం 650 రూపాయలు. ఇప్పటికీ అదే గుమాస్తాగిరీ, ఇప్పుడు 15,000. గుమాస్తాగిరీ అంటే మీకు తెలియంది కాదు. పీఎఫ్ ఉండదు, పెన్షన్ ఉండదు, బ్యాంకు వాళ్లకి చూపించడానికి జీతం కాగితం కూడా ఉండదు. ఇంట్లో మావగారు, అత్తగారు, మేమిద్దరం, తర్వాత ఇద్దరు పిల్లలు. ఆరుగురికి ఒక్క జీతం. ఏడో మనిషి ఆ ఇల్లు. అదీ తింటుంది. అది తిండి అడిగినప్పుడు పెట్టకపోతే ఏం చేస్తుందో తర్వాత చెబుతాను.

ఇక్కడ 40 దాటినవాళ్లకి 1996 నవంబరు 6 గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి గాలికి మా కప్పు మీద పెంకులు పేకముక్కల్లా లేచిపోయాయి. మండువా మధ్యలో ఆకాశం ఎప్పుడూ కనపడుతుంది కదా, ఆ రాత్రి పడకగదిలో కూడా కనపడింది. పిల్లల్ని ధాన్యం గాదె పక్కన కూర్చోబెట్టి, పైన కవ్వం నుంచి కంచం దాకా ఏది దొరికితే అది కప్పాం. తెల్లారి చూస్తే కోనసీమలో చెట్టు నిలబడి లేదు. వెయ్యిమందికి పైగా పోయారు. మాకు ప్రాణాలు మిగిలాయి.

కానీ మా జీతం ఆ చెట్ల మీదే ఉంది కదండీ. కొబ్బరి లేకపోతే గుమాస్తా ఏం రాస్తాడు? దేశవాళీ మొక్క పెట్టి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. మా ఆయన్ని తీసేయలేదు, ఆ వ్యాపారి మంచివాడు, కానీ సగం జీతమే ఇస్తానన్నాడు. 900 రూపాయలు. పైన చూస్తే కప్పు లేదు.

అప్పుడు మమ్మల్ని ఆదుకున్నది బ్యాంకూ కాదు, చుట్టాలూ కాదు. పెరట్లో గోడవారగా మా మావగారు పేర్చిపెట్టిన పాత పెంకులు. మూడొందలకి పైనే ఉంటాయి. పాములు చేరుతున్నాయి, అమ్మేయండి అని అంతకుముందు వేసవిలోనే నేను గొడవపడ్డాను. ఆయన అమ్మలేదు. తుఫాను తర్వాత పెంకుల కోసం జనం రాజమండ్రి దాకా లారీలు కట్టుకుని తిరిగారు, అడిగినంత ధర. దొరికినవాళ్లకి ఇంకో తిప్పలు. బంగాళా పెంకులో ఒక కంపెనీది ఇంకో కంపెనీదానికి అతకదు. గాళ్లు కలవాలి. ఒకదాని గాడిలో ఇంకోదాని అంచు సరిగ్గా కూర్చోకపోతే పెంకు వేసినట్టే ఉంటుంది, నీళ్లు దిగుతూనే ఉంటాయి. వెనక తిరగేస్తే కంపెనీ పేరు అచ్చు ఉంటుంది, చూడండి. మా పెంకులు వేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అందుకే ఆయన పగలని ప్రతి పెంకూ దాచారు. ఇప్పుడు నేనూ అంతే. ఊళ్లో ఎవరైనా పెంకుటిల్లు పడగొడుతుంటే వెళ్లి, పెంకు తిరగేసి పేరు చూస్తాను. మా కంపెనీదైతే బేరమాడి తెస్తాను. పాములు ఇప్పటికీ చేరుతున్నాయి. (నవ్వులు)

ఇంత బాధపడే బదులు పడగొట్టి డాబా వేసుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. మాకు చెప్పని చుట్టం లేడు. 2008లో ఒకసారి లెక్క కూడా వేయించాం. చిన్న డాబాకే 8 లక్షలన్నారు. బ్యాంకు లోను రాదు. బయట నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకి వడ్డీయే 16,000. మా ఆయన జీతం అప్పుడు 6,000. ఆ కాగితాన్ని మా ఆయన చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకుని, "కాఫీ ఇవ్వు" అన్నాడు. మా ఇంట్లో డాబా ప్రస్తావన అంతటితో సరి.

అంటే పాత ఇల్లు చవక అని కాదు. పాత ఇల్లు మనం తప్పు చేస్తే తప్ప ఎక్కువ డబ్బు అడగదు. మేం చేసిన తప్పు చెబుతాను.

మండువా ఇల్లు చూసినవాళ్లకి తెలుసు, లోపలి నాలుగు మూలల్లో రెండేసి కప్పులు వాలుగా వచ్చి కలుస్తాయి. అక్కడ పెంకు కింద పొడుగ్గా రేకు దోనె ఉంటుంది. రెండు కప్పుల నీళ్లూ ఆ దోనెలోకే దిగి మండువాలో పడతాయి. ఇంటి మొత్తం మీద ఎక్కువ నీళ్లు మోసేది ఆ దోనె. 2009లో ఈశాన్యం మూల గోడ మీద రూపాయి బిళ్లంత మరక కనపడింది. పెంకులు సర్దే ఆయన ఎక్కి చూసి, "రేకు చిల్లుపడిందమ్మా, 650 అవుతుంది" అన్నాడు. ఆ నెల మా అమ్మాయి కాలేజీ ఫీజు. వచ్చే నెల అన్నాను. వచ్చే నెల ఇంకేదో వచ్చింది. వానలు వెళ్లిపోయాయి, మరక ఎండిపోయింది, నేనూ మర్చిపోయాను. మరుసటి ఏడు అరచేతంత అయింది. ఆ కిందే గిన్నె పెట్టాను. గిన్నె పెట్టడమంత తెలివితక్కువ పని లేదండీ. టపటపమని చప్పుడు ఆగిపోతుంది, పని అయిపోయినట్టు ఉంటుంది.

2012లో ఒక మధ్యాహ్నం దూలం కిర్రుమంది. గోడలోకి దూరిన దూలం కొస అంతా మూడేళ్లుగా తడిసి చివికిపోయింది. వేలితో నొక్కితే తడి బిస్కట్టులా ఊడొచ్చింది. ఇంట్లో తాటి మొద్దులు నిలబెట్టి, కప్పు ఆ మేర విప్పి, టేకు కొస అతికించి, మళ్లీ కప్పు వేసేసరికి 41,000. నా నల్లపూసలు తాకట్టులోకి వెళ్లి రెండేళ్లు అక్కడే ఉన్నాయి. 650 ఎక్కడ, 41,000 ఎక్కడ?

అప్పటినుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. జీతం రాగానే బియ్యానికీ, పాలకీ పక్కన పెట్టినట్టే ఇంటికీ ఒక బోర్న్‌విటా డబ్బాలో 500 వేస్తాను. ఇప్పుడు వెయ్యి. అది పండక్కి తియ్యను, పెళ్లి చదివింపులకి తియ్యను. ఏడాదికి ఒకసారి, వానలకి ముందు, ఆ డబ్బుతో ముందు నీటి పని చేయిస్తాం. పెంకు, దోనె, చూరు. మిగిలితే నేల దగ్గర చెమ్మ పని. ఇంకా మిగిలితే అప్పుడు రంగు. మా ఇంటికి బయట రంగు వేసి పదకొండేళ్లయింది. వచ్చినవాళ్లు అయ్యో అంటారు. అననివ్వండి.

గోడల సంగతి చెప్పాలి, ఇందులో మేం మోసపోయాం. మోసం కూడా కాదు, మేస్త్రికీ తెలియలేదు. గోడ కింది భాగం ఉప్పుపట్టి పెచ్చులూడుతోందని 2003లో సిమెంటు పూత వేయించాం. 22,000. ఏడాది అద్దంలా ఉంది. రెండో ఏడు బుడగలు లేచాయి, మూడో ఏడు పలకలు పలకలుగా ఊడి పడ్డాయి, వాటితోపాటు లోపలి ఇటిక కూడా పొడిపొడిగా రాలింది. తర్వాత ఒక ముసలి తాపీ మేస్త్రి వచ్చి గోడ మీద చెయ్యి వేసి, "అమ్మా, దీని నోరు మూసేశారు" అన్నాడు. సున్నం గోడ నేలలోంచి చెమ్మ పీలుస్తుంది, పైకి వదిలేస్తుంది. సిమెంటు కప్పేస్తే ఆ చెమ్మ బయటికి రాలేక లోపలే ఉండి ఇటికని తినేస్తుంది. ఆయన సిమెంటంతా కొట్టించి, గుల్ల సున్నం తెప్పించి, నీళ్లలో నానబెట్టి, ఇసుకతో కలిపి, కరక్కాయ నానిన నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి పూత పూశాడు. ఉప్పు ఇప్పటికీ కొంచెం పూస్తుంది. చీపురుతో దులిపి ఏడాదికోసారి సున్నం కొట్టుకుంటాం. అది మేమే చేసుకుంటాం, కూలి లేదు.

చెమ్మ ఎందుకొచ్చిందంటే, రోడ్డు. నేను కాపురానికొచ్చినప్పుడు వీధి అరుగు ఎక్కడానికి ఐదు మెట్లు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది. ఇప్పుడు రెండు మెట్లు. మా ఇల్లు కుంగలేదు, ఊరు పైకి లేచింది. వానొస్తే వీధి నీళ్లు గుమ్మం వైపు చూస్తాయి. గేటు దగ్గర జానెడు గట్టు కట్టి, పక్కనుంచి కాలవ తీశాం. స్కూటీ ఎక్కించడానికి మా ఆయన రోజూ ఆ గట్టుని తిడతాడు.

కరెంటు గురించి చెప్పమన్నారు కొందరు. నేను రోజూ పొద్దున్నే మీటరు చూసి క్యాలెండరు మీద రాస్తాను. మా ఆయన గుమాస్తా అయితే నేను ఇంటి గుమాస్తాని. మనకి కరెంటు రేటు మెట్లు మెట్లుగా ఉంటుంది. 2022లో మార్చిన రేట్లలో 76 నుంచి 125 యూనిట్ల దాకా నాలుగున్నర, అక్కడినుంచి 225 దాకా 6 రూపాయలు, ఆ పైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు. అంటే తగ్గించుకున్న యూనిట్ ఎప్పుడూ పై మెట్టు మీదదే, ఖరీదైనదే. మాకు నెలకి 150 దాకా వచ్చేది. పాత ఫ్యాను 75 వాట్లు. కొత్తగా వస్తున్న, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాను 28. రోజుకి 15 గంటలు తిరిగే రెండు ఫ్యాన్లు మార్చాం. నెలకి 40 యూనిట్లు పైనే తగ్గాయి, రమారమి 225 రూపాయలు. రెండు ఫ్యాన్లకి 5,800 పెట్టాం, రెండేళ్ల రెండు నెలలకి తీరిపోయింది. రోజుకి గంటసేపు తిరిగే గదిలో మాత్రం పాత ఫ్యానే ఉంది. దాన్ని మార్చడం దండగ.

ఇక్కడ నాకు గొంతు పట్టే విషయం ఒకటుంది. చెప్పకపోతే నేను ఏదో తెలివైనదాన్ని అనుకుంటారు.

2005లో. రాత్రిళ్లు మండువా పక్కన జీరో బల్బు వెలిగేది. జీరో అని పేరేగానీ ఆ బల్బు పది పదిహేను వాట్లు లాగుతుంది. ఎవరో చెబితే విని, లెక్కవేసి, నెలకి నాలుగైదు యూనిట్లు మిగులుతాయని ఆర్పేయడం మొదలుపెట్టాను. నెలకి పది రూపాయలు కూడా కాదు. కార్తీకమాసంలో ఒక రాత్రి మా అత్తగారు లేచి వెళ్తూ చీకట్లో మండువా గట్టు మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనుకి పెట్టిన డబ్బు ఎంతో మీకు చెప్పను. ఆవిడ మళ్లీ తనంతట తాను పెరట్లోకి నడవలేదు. నాలుగేళ్లు మంచం మీదే ఉండి పోయారు. ఒక్కసారి కూడా నన్ను అనలేదు. ఇప్పుడు మా ఇంట్లో రాత్రంతా మూడు చోట్ల అర వాటు ఎల్‌ఈడీలు వెలుగుతాయి. మూడూ కలిపి నెలకి అర యూనిట్ కాలదు. కాలినా ఆర్పను.

(కాసేపు ఆగి, మంచినీళ్లు తాగి)

వైరింగ్ కూడా అంతే, అక్కడ లెక్క చూడకండి. మా ఇంట్లో పాత చెక్క బద్దీల వైరింగ్ ఉండేది. లోపల వైరు మీద తొడుగు పట్టుకుంటే పొడిగా రాలేది. పెంకుటిల్లు, కర్ర దూలాలు, పైన ఎలుకలు. నిప్పుకి ఇంతకంటే ఏం కావాలి? డ్వాక్రాలో నేను 1998లో చేరాను, రోజుకి రూపాయి చొప్పున నెలకి 30 కట్టేవాళ్లం. మా గ్రూపులో తీసుకున్న మొదటి అప్పు 6,000 ఆ వైరింగుకే. గేదె కొనుక్కోవచ్చు కదా అని మిగతావాళ్లు నవ్వారు. తర్వాత షాకు కొడితే కరెంటు దానంతటదే ఆపేసే ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం. ఎర్తు గొట్టం దగ్గర వేసవిలో వారానికి ఒక బిందె నీళ్లు పోస్తాను. తులసికోటకి పోసిన చేత్తోనే దానికీ.

వంటింటి గురించి పెద్దగా చెప్పను, మీకందరికీ నాకంటే బాగా తెలుసు. స్నానాల నీళ్లకి కొబ్బరి డొక్కలూ కమ్మలూ ఉన్నాయి, గ్యాసు ముట్టుకోం. సంక్రాంతి తర్వాత సార్వా ధాన్యం కొని ఏడాదికి ఆడించుకుంటాం, వేపాకు వేసి పెడతాం. వేసవిలో పొద్దున తరవాణి, అదే, పులిసిన గంజి అన్నం. మా పిల్లలు చిన్నప్పుడు ముక్కు మూసుకుని తినేవారు. ఇప్పుడు మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి, ఎలా కలపాలో చెప్పమంటోంది. అక్కడ ఏదో ఆరోగ్యమని చెప్పారట. మేం డబ్బుల్లేక తిన్నాం తల్లీ, అన్నాను.

ఇంక నేను చెప్పేది అయిపోయిందండి. ఏమన్నా అడుగుతారా?

(సభలో నుంచి ఒకాయన: "అమ్మా, మీ తర్వాత ఈ ఇల్లు ఎవరు చూస్తారు? పిల్లలు బయట ఉన్నారు కదా.")

మంచి ప్రశ్నే అడిగారు బాబూ, అది మా ఇద్దరికీ రాత్రిళ్లు నిద్రపట్టనప్పుడు మాట్లాడుకునే విషయం. మా అబ్బాయి అమ్మేద్దామంటాడు. వాడిది తప్పని నేననను. వాడిది కూడా ఒక్క జీతమే, అక్కడ అద్దె ఇల్లు. నాకూ 58 వచ్చాయి, మోకాళ్లు పట్టేస్తున్నాయి. మొన్న వేసవిలో 60 దాకా తట్టి గడ కింద పెట్టేశాను. మిగిలిన 34 అలాగే ఉండిపోయాయి.

దసరాకి వచ్చినప్పుడు మధ్యాహ్నం భోజనం చేసి వీడు మండువాలో పడుకున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. టక్, టక్ మని వినిపించింది. ఏమిట్రా అని వచ్చి చూస్తే, ఫోను జేబులో పెట్టుకుని, గడ పట్టుకుని పైకి చూస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. పడమటింట్లో మూడోదో నాలుగోదో తట్టి, ఆగి, మళ్లీ తట్టి, "అమ్మా, దీని చప్పుడు వేరేగా ఉంది, ఒకసారి రా" అన్నాడు.

వెళ్లి విన్నాను. డొల్లగానే పలికింది. ఆ వాసం డిసెంబర్లో మారుస్తున్నాం. డబ్బాలో డబ్బులున్నాయి.